గంటసేపు చప్పుడు ఆపినందుకు

జగిత్యాల అంగట్లో నాకంటే బాగా మోసపోవడం ఎవరికీ చేతకాదని ఈమధ్యే రుజువు చేశాను. గేరు పెట్టె పాడైన పాత లారీని, పాడైందని నా చెవులతో నేనే విని, అడిగిన ధరకు, ఒక్క రూపాయి తగ్గించమనకుండా కొన్నాను. మామూలు మనిషి చేస్తే దాన్ని పొరపాటు అంటారు. నేను కిరాణా దుకాణంలో పుట్టి, తక్కెడ పక్కన పాకి, బెల్లం బస్తాల మీద నిద్రపోయి పెరిగినదాన్ని. కొత్తిమీర కట్ట కొంటే కరివేపాకు రెమ్మ వేయించుకోనిదే కదలను. డాక్టరు వారానికి మందులు రాస్తే నాలుగు రోజులకు సరిపెట్టమని అడిగిన ఘనత నాది. అటువంటిదాన్ని ఇంత పెద్ద నష్టాన్ని నోరు మూసుకుని కొనుక్కున్నానంటే, అది అందరి వల్లా అయ్యే పని కాదు.

సిరిసిల్ల నుంచి లారీని మా అబ్బాయే నడుపుకొచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మా, పొద్దుగాల బీపీ గోలీ ఏసుకున్నవా?" అన్నాడు.

"ఏసుకున్న."

"మరి బేరం ఎందుకు చెయ్యలే?"

వేములవాడ దగ్గర మలుపు వచ్చింది. అప్పటిదాకా పై గేరులో మెత్తగా వచ్చిన లారీని వాడు నెమ్మది చేసి కింది గేరు వేశాడు. వెంటనే మా కాళ్ల కింద పెట్టెలో మూలుగు మొదలైంది. జ్వరం వచ్చిన ముసలి మనిషి గోడవైపు తిరిగి పడుకుని మూలిగినట్టు, తెగకుండా, ఒకే తీరుగా. మలుపు దాటాక మళ్లీ పై గేరు వేయగానే అణిగిపోయింది.

"ఇంకోసారి ఆ గేరు ఎయ్యి" అన్నాను.

వాడు నావైపు చూసిన చూపులో బీపీ గోలీ అనుమానం గట్టిపడింది.

ఆ మూలుగు నాకు కొత్తది కాదు. నాకు పదేళ్లు కూడా నిండని ఒక ఎండాకాలం, దాని కోసం చెవులు రిక్కించుకుని ఒక గల్లీ మొదట్లో నిలబడ్డాను.

మా బాపుది కోరుట్లలో కిరాణా దుకాణం. గడప దాటగానే పసుపు, ఎండుమిరప, తడి గోనె, కిరసనాయిలు అన్నీ కలిసిన వాసన మొహానికి కొట్టేది. బడికి పోయినా నా జడల్లో ఆ వాసనే ఉండేది. బాపు భారీ మనిషి. గల్లాపెట్టె ముందు కూర్చుంటే పెట్టె కనపడేది కాదు. ఎవరైనా నాణెం ఇస్తే గడప రాతి మీద జారవిడిచి, అది మోగిన తీరును బట్టి చెల్లుతుందో లేదో చెప్పేవాడు. కందుల బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగు గింజ తీసి కొరికి చూడందే కొనేవాడు కాదు. తన చెవినీ తన చేతినీ తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు.

బాపు చేసే బేరాల్లో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. పెద్ద బేరానికి పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయేవాడు. మాట ముదిరి, అవతలివాడు దిగిరాకుండా ఉన్నప్పుడు బాపు ఎడమ చెవి గోక్కునేవాడు. అదే సైగ. నేను వెంటనే అంగీ అంచు పట్టుకుని "ఇంటికి పోదాం బాపూ" అని ఏడుపు అందుకోవాలి. బాపు నన్ను విసుక్కుంటూనే లేచి, చెప్పులు తొడుక్కునేవాడు. నిజంగానే వెళ్లిపోతున్నాడని అవతలివాడు కంగారుపడి ధర తగ్గించేవాడు. ఏడుపు బాగా కుదిరిన రోజు పిడికెడు పుట్నాలూ, ఒక పటికబెల్లం ముక్కా నాకు కూలి. కన్నీళ్లు రావాలంటే మిరపకాయలు పట్టుకున్న వేలు కంటికి తాకిస్తే చాలని నేనే కనిపెట్టాను.

ఆ ఏడాది జగిత్యాల నుంచి సరుకు తెచ్చే లారీవాళ్లు కిరాయి పెంచారు. బాపుకు రోషం వచ్చింది. సొంత లారీ కొంటానన్నాడు. సాయంత్రం పూట దుకాణం బల్ల మీద కూర్చునే పెద్దలు వద్దన్నారు. "ఉప్పుపప్పు అమ్ముకునేటోనికి లారెందుకు సేటూ, ఏనుగును తెచ్చి దుకాణంల కట్టేసినట్టుంటది" అన్నాడు ఒకాయన. అమ్మ లోపలి నుంచి ఏమీ అనకుండా చాయ గ్లాసులు గట్టిగా పెట్టింది. బాపు ఆ రెండు మాటలూ వినలేదు. సిరిసిల్లలో ఎవరో పాత లారీ అమ్ముతున్నారని తెలిసి, ఉన్న పైసలన్నీ మూటగట్టి నడుముకు చుట్టుకుని, నన్నూ మా బజారులో ఉండే ఒక డ్రైవరునూ వెంటపెట్టుకుని బస్సెక్కాడు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. మేము పోయిన గల్లీలో ప్రతి ఇంటి ముందరి గదిలోనూ సాంచాలే. టకాటకా టకాటకా అని అన్నీ కలిసి వేసే మోతకు ముందు నా పళ్లు వణికాయి, తరువాత కడుపు, ఆపైన కాళ్ల కింద నేల. గాలిలో గంజి వాసన, యంత్రం నూనె వాసన. దూదిపింజలు ఎగిరి మనుషుల కనుబొమల మీద వాలి ఉన్నాయి. అక్కడివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే నోరు చెవికి ఆనించి అరిచేవాళ్లు. లేకపోతే చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు.

లారీ ఆ గల్లీలోపల నిలబెట్టి ఉంది. దాని ముందు గల్లీ ఇంకా సన్నబడి, చివర ఒక గోడతో ముగిసిపోయింది. అమ్మేవాడు తెల్లబట్టల మనిషి, చేతికి గడియారం. డ్రైవరు ఇంజను నడిపించి, ముందు మూత మీద చెయ్యి పెట్టి చూశాడు.

"చప్పుడేమన్న చేస్తుందా?" అని బాపు వాడి చెవిలో అరిచాడు.

"సాంచాల చప్పుడు తప్ప నాకేం ఇనవస్తలేదు సేటూ. రోడ్డు మీదికి తీసి చూద్దాం."

"ఏం ఇనవస్తలేదంటే మంచిదే గదా."

నాణెం మోగించి చూసుకునే మా బాపు అన్న మాట అది. ఆ తెల్లబట్టల మనిషి ఆ గల్లీలోనే బండిని ఎందుకు నిలబెట్టాడో ఆయనకు తట్టలేదు. పైగా మంచి గడియ దాటిపోతోందని తొందర. బేరం మొదలైంది. బాపు చెవి గోక్కున్నాడు. నేను కన్ను నలుపుకుని ఏడ్చాను. ధర తగ్గింది. మళ్లీ గోక్కున్నాడు, మళ్లీ ఏడ్చాను, మళ్లీ తగ్గింది. ఎదురింటి గడపలో కూర్చుని ఒక ముసలామె రాట్నం తిప్పుతూ ఇదంతా చూస్తోంది. మగ్గం నాడెలో పెట్టే చిన్న దారపు చుట్టను కండె అంటారు. ఆమె గల్లీ మొత్తానికి కండెలు చుట్టి ఇస్తుంది కాబట్టి అందరూ ఆమెను కండెలవ్వ అనేవాళ్లు. చిన్నాపెద్దా సాంచాలన్నీ ఆమె చేతి కండెల కోసం కాచుకుని ఉండేవి.

తెల్లబట్టల మనిషి పైసలు లెక్కపెట్టుకుని, భీవండిలో చుట్టాలున్నారంటూ బస్సుకు నడిచాడు. మళ్లీ మాకు కనపడలేదు.

కొత్త బండి కొన్నవాడు తన చేత్తో నిమ్మకాయలు తొక్కించాలి. ఆ ఆచారం దగ్గరే బాపు పట్టుబట్టాడు. ఆయనకు ఎప్పుడో ఎవరిదో జీపు రెండుమూడుసార్లు నడిపిన అనుభవం ఉంది. డ్రైవరు నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డాడు.

"సేటూ, ఎనుక చక్రాల ఎనుక పెడ్త. గట్లనే ఎనుకకు తీసుకుంట బయటికి పోదాం."

"కొత్త బండి మొదటి అడుగు ఎనుకకు ఏస్తదా ఎక్కడన్న? ముందు పెట్టు. తూర్పు గూడ గటే ఉంది."

నిమ్మకాయలు ముందు చక్రాల కింద పెట్టారు. బాపు ఆయాసపడుతూ ఎక్కి డ్రైవరు సీట్లో ఇమిడాడు. శుభం కోసం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు. నిమ్మకాయలు పగిలాయి. లారీ ఆగలేదు. ఎగిరిపడి, సన్నటి భాగంలోకి దూసుకుపోయి, ముందు గోడకు ముద్దుపెట్టి నిలిచిపోయింది. ఇంజను ఆగిపోయింది. బాపు కంగారులో గేరు రాడ్‌ను అటూ ఇటూ విరగబీకినట్టు లాగాడు. లోపల ఏదో కరకరమంది. ఆ తరువాత రాడ్ గోడలో దిగిన మేకులాగ బిగుసుకుపోయింది.

తలుపు తీయబోయాడు. జానెడు తెరుచుకుని గోడకు తగిలింది. రెండో తలుపూ అంతే. మా ఇద్దరికీ అటు గోడ, ఇటు గోడ, ముందు గోడ. వెనుక ఖాళీ లారీ డబ్బా, దానికీ మాకూ మధ్య రేకు. ఎండకు ఆ రేకు పెనంలా కాలుతోంది.

నేను సన్నటి పిల్లను. కిటికీలోంచి పాములా బయటికి జారి, టాపు మీదికి పాకి, డబ్బాలోకి దూకి, వెనుక నుంచి దిగాను. డ్రైవరు వెనుక చక్రం దగ్గర కూర్చుని నోరు కదిలిస్తున్నాడు. దగ్గరికి పోయి చెవి పెడితే వినపడింది.

"రెండు గేర్లు ఒక్కసారే పట్టుకున్నయ్. ముందు గేరు ఇడువక ముందే ఎనుక గేరు గుంజిండు మీ బాపు. గిప్పుడు చక్రం గిటు తిరుగది, గటు తిరుగది. గుంజినా రాదు, దొబ్బినా పోదు. ముందటి అద్దం పలగ్గొట్టి బయటికి రమ్మను, నేను లోపటికి పోయి జూస్త."

నేను మళ్లీ పాకి వెళ్లి చెప్పాను. బాపు అంగీ అంతా తడిసి వంటికి అంటుకుపోయింది. "గిప్పుడే కొన్న అద్దం. పలగ్గొడ్తనా?" అన్నాడు.

డ్రైవరు లారీ కిందికి దూరాడు. ఒక ఇనుప చువ్వ కొన గేరు పెట్టెకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. లోపలి ముక్క ఏది కదులుతోందో వింటే, బాపుతో రాడ్‌ను ఎటు ఒత్తించాలో చెప్పొచ్చట. కానీ చువ్వ‌లోకి కూడా సాంచాల మోతే వచ్చింది. పైగా వాడు అరిచింది బాపుకు వినపడదు. మధ్యలో నేను. "ఎడమకు" అని వాడు చెబితే నేను పాకి వెళ్లి చెప్పేసరికి బాపు అంతకుముందు చెప్పిన "కుడికి" చేస్తూ ఉండేవాడు. నాలుగైదు తిరుగుళ్లకు నా మోకాళ్లు గీరుకుపోయాయి. డ్రైవరు బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "గీ సాంచాలు ఆగితే తప్ప నాతోని కాదు" అన్నాడు.

ఆ సాంచాలు రాత్రీపగలూ ఆడతాయి. కరెంటు పోతే తప్ప ఆగవు. రోజూ పోయే కరెంటు ఆ రోజే బాపు మీద పగబట్టినట్టు పోలేదు.

కండెలవ్వ నన్ను చేత్తో పిలిచింది. ఆమె నోట్లో తమలపాకు, ఒళ్లో రంగు దారాలు.

"ఏందే పిల్లా, మీ బాపు లారీల్నే సంసారం పెడ్తుండా ఏంది?"

నేను సంగతి చెప్పాను. గంటసేపు సాంచాలు ఆపమని అడిగాను. ఎడమ చెవి గోక్కునేవాళ్లు ఎవరూ లేకపోయినా అలవాటు కొద్దీ ఏడుపు కూడా అందుకున్నాను.

"గా ఏడుపు ఇందాకనే జూసిన బిడ్డా. ఇంకోటి ఉంటే జూపియ్."

నా ఏడుపు ఠక్కున ఆగింది. అంతవరకూ ఎవరూ నన్ను అలా పట్టుకోలేదు.

"మాకు మీటరుకింత అని ఇస్తరు. సాంచె ఆగితే కూలి ఆగుతది. సప్పుడు జేసుడుకు మాకు కూలి ఉన్నప్పుడు, సప్పుడు జెయ్యకుండ ఉండుడుకు ఉండదా?"

బాపు నడుముకు చుట్టుకున్న పైసలన్నీ భీవండి దారి పట్టాయి. జేబులో బస్సు చార్జీ కూడా లేదు. మిగిలింది కోరుట్లలోని సరుకు. కాబట్టి బేరం సరుకులోనే నడిచింది. కండెలవ్వ ఒక్కో ఇంటికి తవ్వెడు కందిపప్పు, ఒక బెల్లం ముద్ద అడిగింది. నేను టాపు మీదుగా పాకుతూ ఆలోచించాను. బాపుకు అడిగింది అడిగినట్టు చెబితే సగానికి కోస్తాడు, సగం తెస్తే కండెలవ్వ లేచి వెళ్లిపోతుంది. అందుకని "మానెడు పప్పు, రెండు ముద్దలు" అని చెప్పాను. బాపు ఆ వేడిలో, ఆ చెమటలో కూడా "దోపిడి" అని, సరిగ్గా సగం కోసి, తవ్వెడుకూ ఒక ముద్దకూ ఒప్పుకున్నాడు. నేను తిరిగి వచ్చి కండెలవ్వకు ఆమె అడిగిందే ఇచ్చాను. ఇద్దరూ గెలిచామనుకున్నారు. నా జీవితంలో నేను సొంతంగా చేసిన మొదటి బేరం అదే. కూలి పుట్నాలు మాత్రం ఎవరూ పెట్టలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కండెలవ్వ రాట్నం ఆపింది.

"సరుకు అస్తదని నమ్మకమేంది? లారీ అమ్మినోడు పొద్దుగాల భీవండి పాయె. మీ బాపు మాపటికి కోరుట్ల పోతడు. పోయినోడు మల్ల అస్తడా? అట్లయితే నిన్ను ఈడ కుదువ పెట్టి పొమ్మను. సరుకు దెచ్చి, నిన్ను దీస్కపోతడు."

నవ్వుతూ అందో నిజంగా అందో తెలియలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు.

ఆ మాటను నేనే మోసుకుపోవాలి. టాపు మీద అరచేతులు కాలాయి. కిటికీలోకి తల దూర్చి, "సరుకు అచ్చేదాక నన్ను ఇడిసిపెట్టి పొమ్మంటుంది" అన్నాను. ఆ మాటకు బాపు కేకలు వేస్తాడనీ, అద్దం పగలగొడతాడనీ ఎదురుచూశాను. బాపు నావైపు చూశాడు. చెయ్యి ఎడమ చెవి దగ్గరికి పోయింది. గోక్కున్నాడు. చెమటకో, సైగకో నాకు తెలియలేదు. ఏడవాలా వద్దా అని ఆలోచిస్తుండగానే నిజం ఏడుపు వచ్చేసింది. మిరపకాయ అవసరం పడలేదు.

"సరే అను" అన్నాడు బాపు. అంతే. ఆయన బేరమాడకుండా ఒప్పుకోగా నేను చూసింది అదొక్కసారే.

కండెలవ్వ గడప దిగి, ఇంటింటికీ పోయి చెయ్యి ఊపింది. ఒక్కొక్క సాంచె ఆగుతూ వచ్చింది. చివరిది ఆగాక, గల్లీ మీది నుంచి ఎవరో బరువైన గొంగడి లాగేసినట్టు అయింది. ఎక్కడో పావురం కూత, ఎవరో దగ్గిన చప్పుడు. ఇళ్లల్లో పసిపిల్లలు ఒకరి తరువాత ఒకరు లేచి ఏడవడం మొదలుపెట్టారు. మోతలో నిద్రపోయే పిల్లలు, అది ఆగితే ఉలిక్కిపడి లేచారు. మగవాళ్లు బయటికి వచ్చి, మోత లేకపోయినా అలవాటుగా అరిచి మాట్లాడుకుంటున్నారు.

లారీ కింది నుంచి డ్రైవరు గొంతు మామూలుగా వినపడింది.

"సేటూ, రాడ్ ఎడమకు ఒత్తు. గట్ల కాదు, మెల్లగ. సల్ల చిలికినట్టు. ఆ... గట్లనే పట్టుకొని ముందుకు."

లోపల టక్ మంది. గల్లీ అంతా విన్నది.

"ఇడిసింది" అన్నాడు డ్రైవరు. "ఇంజను స్టార్టు జెయ్."

ఇంజను లేచింది. దాని కింద నుంచి మొదటిసారి ఆ మూలుగు బయటపడింది. డ్రైవరు క్లచ్చి తొక్కమన్నాడు, మూలుగు ఆగింది. వదలమన్నాడు, మళ్లీ వచ్చింది. ఇంకోసారి తొక్కించి, వదిలించాడు. అదే ఆగడం, అదే రావడం.

"పెట్టె లోపలి బేరింగే పోయింది సేటూ. క్లచ్చిది కాదు, ఇంజనుది కాదు."

"మా సాంచాల సప్పుడు సాటుకు నీకు అమ్మిపోయిండు వాడు" అంది కండెలవ్వ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తూకం చెప్పినట్టు చెప్పింది. అద్దం వెనుక బాపు ముఖం గోడవైపు తిరిగింది. చెల్లని నాణేన్ని ఊరంతా చూస్తుండగా గడప మీద జారవిడిచినట్టు ఆ మూలుగు మోగుతూనే ఉంది.

తలుపులు తెరుచుకోవు కాబట్టి బాపే నడపాలి. డ్రైవరు వెనుక నిలబడి "రానీ, రానీ" అన్నాడు. గల్లీ జనమంతా గోడలకు అటూ ఇటూ నిలబడి వాడితోపాటు "రానీ, రానీ" అన్నారు. లారీ అంగుళం అంగుళం వెనక్కి వచ్చింది. తలుపు తెరుచుకున్న చోట బాపు దిగాడు. ఎవరో ఇచ్చిన చెంబుడు నీళ్లు సగం తాగి సగం తల మీద పోసుకున్నాడు. సాంచాలు మళ్లీ ఒక్కొక్కటే అందుకున్నాయి.

పోయేముందు నా చెవిలో అరిచాడు. "రేపు అస్త బిడ్డా."

ఆ "రేపు" నాకు బాగా తెలుసు. ఉప్పు వ్యాపారికీ, నూనె వ్యాపారికీ దుకాణం గడపలో బాపు రోజూ చెప్పేది అదే.

ఆ ఇంట్లో నాకు జొన్నరొట్టె, పుంటికూర తొక్కు పెట్టారు. రొట్టె మీద దూదిపింజ వాలితే ఊది తినమన్నారు. మా ఇంట్లో పాలు పోసి పిసికిపెడితేనే అన్నం తినే నేను, ఆ రొట్టె అంచుల దాకా తిన్నాను. కండెలవ్వ నాకు రాట్నం తిప్పడం చూపింది. నేను చుట్టిన కండెలు లావుగా, వంకరగా వచ్చాయి. ఆమె వాటిని విప్పి మళ్లీ చుట్టుకుంది. పడుకుంటే మంచం వణికింది. ఏడ్చాను. పక్కన పడుకున్న ఆమెకే కాదు, నాకు కూడా నా ఏడుపు వినపడలేదు. ఎవరికీ వినపడని ఏడుపు ఎందుకు ఏడవాలో తెలియక మానేశాను.

తెల్లవారి గల్లీ మొదట్లో నిలబడ్డాను. అక్కడికీ మోత వస్తూనే ఉంది. లారీ వచ్చినా నాకు వినపడదు. ఒకవేళ వచ్చి, ఏ గల్లీయో మరిచిపోయి తిరిగిపోతే? ఎండ నెత్తి మీదికి వచ్చింది. లోపలికి పరుగెత్తాను.

"ఒక్క గడియ ఆపుండ్రి అవ్వా. బాపు బండి సప్పుడు ఇనాలె."

కండెలవ్వ నా మొహం తన వైపుకు తిప్పుకుంది. "గంటసేపు ఆపినందుకే నువ్వు ఈడున్నవు. ఇంకోసారి ఆపితే ఎవల్ని కుదువ పెడ్తవు?"

నా దగ్గర ఎవరూ లేరు. గడపలో కూర్చున్నాను. దారాలు, గోడ, గోడకు నిన్న లారీ చేసిన గీత. ఇక ఇక్కడే కండెలు చుట్టుకుంటూ పెద్దదాన్ని అవుతానని అనుకున్నాను. లావుగా, వంకరగా.

మధ్యాహ్నం కరెంటు పోయింది.

గల్లీ మొత్తం ఒక్కసారే చచ్చినట్టు అయింది. పసిపిల్లలు లేచారు. నేను పరుగెత్తి గల్లీ మొదట నిలబడ్డాను. రోడ్డు మీద ఏమీ లేదు. పై గేరులో ఆ లారీ మూలగదని నాకప్పటికి తెలియదు. కొంతసేపటికి మలుపు అవతల, కంటికి కనపడక ముందే, ఆ మూలుగు మొదలైంది. జ్వరపడ్డ ముసలి మనిషి గొంతు. కింది గేరు వేశాడని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం అది నన్నే పిలుస్తోందని అనుకున్నాను.

లారీలో డ్రైవరు, బాపు, వాళ్లిద్దరి మధ్య అమ్మ. అమ్మ అంతకుముందు లారీ ఎక్కింది లేదు. దిగి, నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. అమ్మే కండెలవ్వ దగ్గరికి పోయి, "పిల్లను తూకంరాయి లెక్క పెట్టి అచ్చిండమ్మా మా ఆయన. తప్పుగ అనుకోకుండ్రి" అంది. ఎవరు ఎవరికి తప్పు చేశారని ఆ మాట అందో నాకు ఇప్పటికీ తేలలేదు. తరువాత అమ్మ తవ్వ పట్టుకుని కూర్చుంది. ఇంటికి తవ్వెడు అన్నది బేరం. అమ్మ రెండేసి పోసింది. అంచు చేత్తో చదును చెయ్యలేదు, గోపురంలా నిండనిచ్చి పోసింది. పోసిన ప్రతిసారీ బాపు గొంతులో చిన్న చప్పుడు వచ్చింది. అదీ లారీ మూలుగుకు దగ్గరగానే ఉంది.

"మళ్ల రా బిడ్డా" అంది కండెలవ్వ నాతో. "ఈపారి ఉత్తగనే రా."

జగిత్యాలలో లారీల మిస్త్రీ గేరు పెట్టె విప్పినప్పుడు నూనెతోపాటు రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా వచ్చింది. మూలుగును అణచడానికి పోసిపోయాడు ఆ తెల్లబట్టల మనిషి. బాపు మూలిగే బేరింగు మార్చలేదు. పొట్టు తీయించి, నూనె మార్పించి, దాన్నే చాలా ఏళ్లు నడిపాడు. కోరుట్లలో మా లారీ ఏ బజారులో ఉందో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్లం.

నేను పెళ్లయి జగిత్యాల వచ్చాక ఒకసారి బాపును అడిగాను, అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నావని. పోకచెక్క ముక్క బుగ్గన పెట్టుకున్నాడు.

"నా దగ్గర ఇంకేముండె బిడ్డా. పైసలు వాడు దీస్కపాయె. సరుకు కోరుట్లల ఉండె. లారీ గోడల నడుమ ఇరుక్కుపాయె. విలువైనదానివి నువ్వొక్కదానివే ఉన్నవు. తక్కువది పెడ్తే ఆమె ఒప్పుకుంటదా?"

సంతోషించాలో కోప్పడాలో తెలియక, ఆ రోజు ఇంటికి పోయేముందు దుకాణంలో పిడికెడు పుట్నాలు నేనే తీసుకున్నాను.

పోయిన నెల, అక్కడ పాత లారీ ఒకటి అమ్మకానికి ఉందని విని మళ్లీ ఆ గల్లీకి పోయాను. ఈ లారీ నాకు అమ్మింది కండెలవ్వ మనుమడు. సాంచాలు తుక్కు కింద పోయాయి. బట్టల బేళ్లు మోయడానికి కొన్న లారీకి మోసే బేళ్లు లేవు. సూరత్ పోతానన్నాడు. ముందరి గదిలో సాంచాలు బిగించిన బోల్టుల గుంతలు నేలలో అలాగే ఉన్నాయి. ఇంజను నడిపించాడు. క్లచ్చి తొక్కమన్నాను, ఆగింది. వదలమన్నాను, వచ్చింది. ధర చెప్పాడు. సరే అన్నాను.

"గంతేనా అమ్మా? బేరం చెయ్యవా?" అన్నాడు వాడు. నాకేమైనా అయిందేమోనని మా అబ్బాయిలాగే చూశాడు.

ఇక లెక్క. మిస్త్రీ రెండు బేరింగులు, ఒక గేరు ఫోర్కు, నూనె, కూలి వేశాడు. కిరసనాయిలు, గుడ్డపేలికలు అని విడిగా వేసినదాన్ని మాత్రం పోట్లాడి కొట్టేయించాను. అయినా మొత్తం లారీ ధరలో సగానికి వచ్చింది. ఆ పైసలకు ఇంకొంచెం కలిపితే మూలగని లారీ వచ్చేది. ఆ ఇంటి రొట్టెకు బదులు తీర్చానని చెప్పుకుందామంటే, ఆ బాకీ బాపు సరుకుతోనే తీరింది. అమ్మ రెండింతలు పోసింది కూడా. కాబట్టి మంచితనం కింద ఒక్క రూపాయి రాసుకోవడానికి లేదు. అంతా నష్టమే.

ఒక్కటి మాత్రం లెక్కలోకి రాలేదు. ఆ గల్లీలో గంటసేపటి నిశ్శబ్దానికి మా బాపు నన్ను ఇచ్చాడు. పోయిన నెల అదే గల్లీలో, అదే గోడ ముందు నిలబడి, ఆ మూలుగును మొదటి నుంచి చివరి దాకా తీరికగా విన్నాను. ఇంజను ఆపాక కూడా నిలబడ్డాను. ఏ ఇంట్లోనూ పసిపిల్ల ఉలిక్కిపడి లేవలేదు. ఆ నిశ్శబ్దానికి ఎవరూ ఏమీ అడగలేదు.